ఆగిన చోటే ఆచూకీ

* ఉన్నట్టుండి మొరాయించే పాత కార్లు
* సామాను మార్చేముందు లెక్క రాయాలి
* మేలుమలై మిట్టే మంచి పరీక్ష

హోసూరు, కృష్ణగిరి: బండి కృష్ణగిరి వదిలి మేలుమలై మిట్ట ఎక్కుతోంది. లోపల నలుగురు మనుషులు, ఏసీ. డిక్కీలో మామిడికాయల బుట్ట. అంతవరకు బాగానే వచ్చిన ఇంజిన్‌ ఒక్కసారిగా ఆగిపోతుంది. వెనకే సరుకు లారీ, హారన్‌ మోత. ఎలాగోలా పక్కకు తోసి, బానెట్‌ లేపి కాసేపు దిక్కులు చూస్తారు. పావుగంట తర్వాత తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మర్నాడు వర్కుషాపులో గంటసేపు ఆన్‌లో ఉంచినా ఆగదు. వైద్యుడి గుమ్మం తొక్కగానే జ్వరం దిగిపోయినట్టు! ‘బాగానే ఉందే సార్‌’ అంటాడు మెకానిక్కు. పది పదిహేనేళ్లు దాటిన కారున్న ఇళ్లలో ఈ కథ కొత్తేమీ కాదు.

అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది. అనుమానం మీద ప్లగ్గులు మారుస్తారు. వారానికి మళ్లీ ఆగుతుంది. కాయిల్‌ మారుస్తారు. నెలకు మళ్లీ ఆగుతుంది. పెట్రోలు పంపు, సెన్సార్లు, చివరికి కంప్యూటర్‌ డబ్బా దాకా వెళుతుంది వ్యవహారం. జేబుకు చిల్లు పడుతుంది గానీ జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. తీరా చూస్తే బ్యాటరీ దగ్గర తుప్పుపట్టిన ఓ ఎర్త్‌ వైరు, వదులైన ఓ రిలే దొంగలుగా తేలిన సందర్భాలు కోకొల్లలు. ఎప్పుడూ ఉండే లోపాన్ని పట్టుకోవడం తేలిక. వచ్చి పోయే లోపం అలా కాదు. అది ఉన్నప్పుడే పట్టుకోవాలి. అందుకు ముందుగా కావాల్సింది పానా కాదు... కాగితం, కలం.

మోటారు ఊళ్లోనూ ఇదే తంటా

హోసూరు అంటేనే మోటార్ల ఊరు. అశోక్‌ లేలాండ్‌ లారీలు, టీవీఎస్‌ మోపెడ్లు 1980 నుంచి ఇక్కడి నుంచే రోడ్డెక్కాయి. ఇంటికో ఫ్యాక్టరీ మనిషి, వీధికో వర్కుషాపు ఉన్న చోటు. అయినా పాత కారు ఆగితే ఇక్కడా అదే తంటా. వర్కుషాపుల్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ నడుస్తాయి. కానీ ‘బండి ఆగిపోతోంది’ అన్న ఒక్క ముక్కను మూడు భాషల్లో చెప్పినా మెకానిక్కుకు ఒరిగేదేమీ లేదు. ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది, మళ్లీ ఎలా కదిలింది? ఈ మూడూ చెప్పగలిగితే సగం పని అయినట్టే.

మొదటి ప్రశ్న: ఎలా ఆగింది?

స్విచ్చి కట్టేసినట్టు ‘టక్‌’మని ఆగిందా? అయితే చూపు ముందు కరెంటు వైపు తిప్పాలి. తాళం స్విచ్చి, మెయిన్‌ రిలే, కాయిల్‌, క్రాంక్‌ సెన్సారు, ఎర్త్‌... వీటిలో ఏదో ఒకటి తెగి ఉంటుంది.

ఎక్కిళ్లు పెట్టి, గుంజుకుంటూ, శక్తి తగ్గి తగ్గి ఆగిందా? అప్పుడు పెట్రోలు అందలేదని అనుమానించాలి. ఫిల్టరు, పంపు, ట్యాంకులో చెత్త, పాత బండయితే కార్బరేటర్‌ వరసలో ఉంటాయి.

ఇంకో చిన్న గుర్తు ఉంది. బండి గేరులో దొర్లుతుండగా ఇంజిన్‌ చచ్చిపోతే ఆర్‌పీఎం ముల్లు వైపు చూడాలి. చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతూనే ఉన్నా ముల్లు ఒక్క దెబ్బకు సున్నాకు పడిపోతే క్రాంక్‌ సెన్సారు గానీ, దానికి వెళ్లే కరెంటు గానీ పోయినట్టు. ముల్లు బండి వేగంతో పాటు మెల్లగా దిగితే పెట్రోలు వైపు చూడొచ్చు. ఆ క్షణంలో డాష్‌బోర్డు లైట్లన్నీ ఆరిపోయాయా, వెలిగే ఉన్నాయా? ఆరిపోతే బ్యాటరీ మొలలు, పెద్ద ఫ్యూజు, తాళం స్విచ్చి మీద అనుమానం పెరుగుతుంది. రేడియో ఆగిందా, ఆడుతోందా అన్నది కూడా సాక్ష్యమే.

రెండో ప్రశ్న: ఎక్కడ, ఎప్పుడు?

ఈ ప్రాంతం వాళ్లకు ప్రకృతే ఓ పరీక్షశాల ఇచ్చింది. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటే కృష్ణగిరి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో 50 కిలోమీటర్ల దారి. ఒకప్పుడు ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. దిగేటప్పుడు ఇంజిన్‌కు విశ్రాంతి, ఎక్కేటప్పుడు చాకిరీ. పైన చల్లదనం, కింద ఎండ. ఈ దారిలో ఎక్కడ ఆగిందో రాసుకుంటే చాలు, లోపం ఏ వైపుందో తెలుస్తుంది.

* మిట్ట ఎక్కేటప్పుడే ఆగుతోందా? ఎక్కువ పెట్రోలు కావాల్సినప్పుడు అందడం లేదు. ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, పంపు నీరసించి ఉండొచ్చు. ట్యాంకు సగానికి దిగాకే ఆగుతుంటే లోపలి చెత్త పైపులోకి చేరుతోందేమో చూడాలి.

* దిగి వచ్చి టోల్‌గేటు వరసలో నిలబడగానే ఆగుతోందా? యాక్సిలరేటర్‌ మీద కాలు తీయగానే ఇంజిన్‌ నిలదొక్కుకోలేకపోతోంది. థ్రాటిల్‌ బాడీలో మసి, ఐడిల్‌ వాల్వు, గాలి పీల్చే రబ్బరు గొట్టంలో చీలిక చూడాలి. ఏసీ వేసినప్పుడే అయితే మరీనూ.

* అరగంట నడిచి బాగా కాగాక ఆగి, చల్లారాక కదులుతోందా? కాయిల్‌, ఇగ్నిషన్‌ మాడ్యూల్‌, క్రాంక్‌ సెన్సారు వేడికి తట్టుకోలేక మొండికేస్తున్నాయి.

* వాన పడ్డాక, తెల్లవారి మంచులో ఆగుతోందా? ప్లగ్‌ వైర్లు, డిస్ట్రిబ్యూటర్‌ మూత, ఫ్యూజు పెట్టెలో తడి. చెట్టు కింద నిలిపే బండ్లలో బానెట్‌ మూల కాలువలు ఆకులతో పూడిపోయి నీళ్లు లోపలికి దిగుతాయి.

* గుంత పడ్డప్పుడు, స్పీడ్‌బ్రేకర్‌ దాటినప్పుడు ఆగుతోందా? ఎక్కడో వైరు వదులుగా ఉంది. ఇది మెకానిక్కుకు దొరికే శుభవార్తే.

ముందు మూడు చౌక పరీక్షలు

ఏ సామాను కొనకముందే చేయాల్సిన పరీక్షలు మూడున్నాయి. నాలుగైదు వందల రూపాయల మల్టీమీటరు చాలు.

మొదటిది బ్యాటరీ. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో రెండు మొలల మధ్య 12.6 వోల్టుల దరిదాపు చూపించాలి. 12.2 అయితే సగమే మిగిలినట్టు. స్టార్టయ్యాక 13.8 నుంచి 14.5 మధ్యకు ఎక్కాలి. ఎక్కకపోతే మనవాళ్లు ఇప్పటికీ ‘డైనమో’ అని పిలిచే ఆల్టర్నేటర్‌ గానీ, దాని బెల్టు గానీ పని చేయడం లేదు. 15 దాటుతుంటే రెగ్యులేటర్‌ పోయింది. దాంతో బల్బులకే కాదు, ఇంజిన్‌ కంప్యూటర్‌కూ ముప్పే.

రెండోది ఎర్త్‌. బ్యాటరీ నెగటివ్‌ మొల నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కు వెళ్లే దళసరి వైర్లివి. కరెంటు వెళ్లే దారి ఎంత ముఖ్యమో తిరిగొచ్చే దారీ అంతే. మీటరు ఒక కొనను నెగటివ్‌ మొలకు, రెండో కొనను ఇంజిన్‌ లోహానికి తాకించి సెల్ఫ్‌ కొట్టించాలి. 0.3 వోల్టు దాటి చూపిస్తే దారిలో అడ్డు ఉన్నట్టు. ఇండికేటర్‌ వేస్తే హెడ్‌లైటు మిణుకుమనడం, మీటర్ల ముళ్లన్నీ ఒకేసారి ఎగిరిపడటం, వైపర్‌ వేస్తే ఇంజిన్‌ తడబడటం... ఇవన్నీ ఎర్త్‌ చేసే గారడీలే. బోల్టు విప్పి, తుప్పు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి గ్రీజు రాస్తే చాలాసార్లు జబ్బు అక్కడితో తీరిపోతుంది.

మూడోది కదిపి చూడటం. బండిని తటస్థంలో పెట్టి, హ్యాండ్‌బ్రేక్‌ వేసి, ఇంజిన్‌ మెల్లగా తిరుగుతుండగా వైర్ల కట్టను ఒక్కో చోట కదుపుతూ పోవాలి. రిలేలను వేలితో తట్టాలి. తాళాన్ని ఆడించాలి. ఎక్కడ ముట్టుకుంటే ఇంజిన్‌ తడబడుతుందో దొంగ అక్కడే ఉన్నాడు. ప్లగ్‌ వైర్లు, కాయిల్‌ జోలికి మాత్రం ఈ పరీక్షలో చేయి పోనివ్వొద్దు, షాక్‌ గట్టిగా కొడుతుంది. ఫ్యాను, బెల్టు తిరుగుతుంటాయి కాబట్టి లుంగీ కొసలు, పొడుగు చేతులు, కొంగులు జాగ్రత్త.

రిలేలకు ఓ చిట్కా ఉంది. పెట్రోలు పంపు రిలే, హారన్‌ రిలే ఒకే నంబరువైతే ఒకదాని చోట ఇంకోటి పెట్టి నాలుగు రోజులు నడపొచ్చు. ఇంజిన్‌ ఆగడం మానేసి హారన్‌ మొరాయించడం మొదలైతే తీర్పు వచ్చేసినట్టే! పైసా ఖర్చు లేదు.

వేడికి మాయం, చలికి ప్రత్యక్షం

అంబాసిడర్లు తిరిగిన రోజుల్లో ఎండాకాలం పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి బండి కదిలించడం డ్రైవర్లకు బాగా తెలిసిన వైద్యం. వేడికి పైపులో పెట్రోలు ఆవిరై పంపుకు అందకుండా పోయేది. గుడ్డ చల్లబరిస్తే మళ్లీ దారిన పడేది. 2000 ప్రాంతంలో మారుతీ 800లోకీ ఎంపీఎఫ్‌ఐ వచ్చాక, ట్యాంకులోనే పంపు ఉండే బండ్లు పెరిగాక ఆ ఇబ్బంది తగ్గింది. కానీ వేడి వదల్లేదు. చోటు మార్చి కాయిల్‌లో, మాడ్యూల్‌లో, సెన్సారులో కూర్చుంది. లోపలి సన్నటి తీగకు, టంకానికి వెంట్రుకంత పగులు ఉంటే కాగినప్పుడు విడిపోతుంది, చల్లారాక కలుస్తుంది. వర్కుషాపుకు చేరేసరికి కలిసే ఉంటుంది కాబట్టి ఎవరికీ దొరకదు. ఈ కొత్త సామాన్ల మీద నీళ్లు పోయడం, తడిగుడ్డ వేయడం మాత్రం చేయకూడదు.

మన మెకానిక్కులే కాదు, పెద్ద కంపెనీలూ ఈ వేడి దగ్గర తలపట్టుకున్నాయి. అమెరికాలో ఫోర్డ్‌ కంపెనీ 1980లలో ఇగ్నిషన్‌ మాడ్యూల్‌ను తీసుకెళ్లి ఇంజిన్‌ వేడి తగిలే డిస్ట్రిబ్యూటర్‌ మీదే బిగించింది. కాగితే ఆగడం, చల్లారితే కదలడం. ఫిర్యాదులు కోర్టుకెక్కి కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచింది. 2001లో రాజీతో ముగిసింది.

కొత్త బండ్లకూ మినహాయింపేమీ లేదు. పెట్రోలు పంపులో లోపం ఉండొచ్చంటూ 2020 జులైలో మారుతీ సుజుకీ 1,34,885 వ్యాగన్‌ఆర్‌, బాలెనో కార్లను వెనక్కి పిలిపించి చూసింది. మీ బండికి అలాంటి పిలుపు ఉందేమో కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్‌ నంబరు కొట్టి చూసుకుంటే ఉచితంగా అయ్యే పనికి డబ్బు పోసే బాధ తప్పుతుంది.

పెట్రోలు వైపు చూస్తే...

తాళం ఆన్‌ చేయగానే ట్యాంకు వైపు రెండు సెకన్లు సన్నటి రొద వినిపిస్తే పంపు తిరిగినట్టు. బండి ఆగిన క్షణంలోనే ఈ రొద కోసం చెవి పెట్టాలి. వినిపించకపోతే పంపు, దాని రిలే, దాని ఎర్త్‌ చూడాలి. ఆగినప్పుడు ట్యాంకు మూత తెరిస్తే ‘బుస్సు’మని గట్టిగా గాలి పీల్చుకుని, ఆ వెంటనే బండి కదిలిందంటే గాలి వెళ్లే దారి మూసుకుపోయినట్టే.

ఇథనాల్‌ సంగతీ మరవకూడదు. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు వచ్చేసింది. 2023 ఏప్రిల్‌ నుంచి తయారైన కార్ల సామగ్రి దానికి తట్టుకుంటుంది. అంతకు ముందటి బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు మెత్తబడి చీలే అవకాశం ఎక్కువ. ఇథనాల్‌ తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డినీ కదిలించగలదు. నెలల తరబడి కదలని బండయితే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకపోవడం, ఫిల్టరును గడువుకు ముందే మార్చడం మంచిది.

గ్యాస్‌ కిట్టు వేయించిన పాత ఓమ్నీలు, 800లకు ఇంకో తలనొప్పి. కిట్టు బిగించేటప్పుడు పెట్రోలు, ఇంజెక్టర్ల వైర్లను మధ్యలో కోసి అతుకులు వేస్తారు. టేపు ఊడి ఆ అతుకులు వదులైతే పెట్రోలు మీదా ఆగుతుంది, గ్యాస్‌ మీదా ఆగుతుంది. ఒక వారం పూర్తిగా పెట్రోలు మీద, ఒక వారం గ్యాస్‌ మీద నడిపి చూస్తే తేడా తెలుస్తుంది.

ఎలుకలు, అదనపు సింగారాలు

పల్లెల్లో కొట్టాల పక్కన, ధాన్యం బస్తాల దగ్గర నిలిపే కార్లకు ఎలుకలు పెద్ద శత్రువులు. వైరు పూర్తిగా కొరికితే నయం, వెంటనే తెలుస్తుంది. సగం కొరికి వదిలేస్తేనే చిక్కు. రెండు పోగుల మీద వేలాడే వైరు గుంతకోసారి తెగి, గుంతకోసారి కలుస్తుంది. బానెట్‌ కింద పీచు, గింజల పొట్టు, రెట్టలు కనిపిస్తే వైర్లను చివరిదాకా తడిమి చూడాల్సిందే.

తర్వాత బిగించిన స్టీరియో, రిమోట్‌ లాకు, ఫాగ్‌లైట్లు, గట్టి హారన్‌లూ అనుమానితులే. దొంగల భయంతో పెట్టించిన అలారం డబ్బా ఇంజిన్‌ కరెంటును మధ్యలో కోసే ఉంటుంది. అందులోని చిన్న రిలే చెడితే యజమాని ఉండగానే బండిని ఆపేస్తుంది!

స్కానర్‌ చెబుతుందిగా?

2010 దశకంలో వచ్చిన కార్లలో చాలావాటికి స్కానర్‌ తగిలించే సాకెట్‌ ఉంది. అది చూపే కోడ్‌ ఫలానా సామాను మార్చమనే ఆదేశం కాదు. ‘క్రాంక్‌ సెన్సారు నుంచి సంకేతం రాలేదు’ అంటే సెన్సారు పోయి ఉండొచ్చు, దాని వైరు తెగి ఉండొచ్చు, ప్లగ్గులో తుప్పు ఉండొచ్చు, అసలు ఎర్తే లేకపోవచ్చు. కోడ్‌ వీధి చెబుతుంది. ఇల్లు మెకానిక్కే వెతకాలి. ఇంకో జాగ్రత్త: వర్కుషాపుకు వెళ్లేముందు బ్యాటరీ వైరు విప్పితే చాలా బండ్లలో ఆ కోడ్‌ చెరిగిపోతుంది. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ మన చేతులతో తుడిచేసినట్టే.

పాత సామాను పారేయొద్దు

ఒకేసారి నాలుగు మార్చేస్తే బండి బాగైనా ఏది జబ్బో తెలియదు. ఒకటి మార్చాలి, తేదీ, కిలోమీటర్లు రాయాలి, పాతదాన్ని సంచిలో వేసి ఇంటికి తెచ్చుకోవాలి. ఇది చాదస్తమని అనిపిస్తే జనరల్‌ మోటార్స్‌ కథ వినాలి.

ఆ కంపెనీ అమెరికాలో అమ్మిన చిన్న కార్లు కొన్ని నడుస్తూ నడుస్తూ ఆగిపోయేవి. తాళం స్విచ్చిలోని స్ప్రింగు బలం చాలక, బరువైన తాళాల గుత్తి వేలాడినా, మోకాలు తగిలినా తాళం దానంతటదే వెనక్కి తిరిగేది. ఇంజిన్‌ ఆగేది, బ్రేకు, స్టీరింగు బిగుసుకునేవి. ఎయిర్‌బ్యాగ్‌లకూ కరెంటు అందేది కాదు. 2006లో కంపెనీ ఇంజినీరు స్విచ్చిని గుట్టుగా బాగుచేయించాడు గానీ దాని నంబరు మార్చలేదు. పాతదీ కొత్తదీ ఒకే నంబరు కావడంతో తర్వాత విచారించిన వాళ్లకు కొన్ని కార్లు ఎందుకు ఆగుతున్నాయో, కొన్ని ఎందుకు ఆగడం లేదో ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. చివరికి బాధితుల తరఫున పని చేసిన ఓ ఇంజినీరు పాత స్విచ్చినీ, కొత్తగా కొన్న స్విచ్చినీ విప్పి పక్కపక్కన పెట్టి చూశాకే తేడా బయటపడింది. 2014లో కంపెనీ ఈ లోపానికి దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. పరిహార నిధి లెక్కన పోయిన ప్రాణాలు 124. బాగుచేసేదాకా తాళానికి ఇంకేమీ తగిలించొద్దని కంపెనీయే యజమానులకు చెప్పింది.

మన ఇళ్లలో కారు తాళానికే బీరువా తాళం, బైకు తాళం, దేవుడి బిళ్ల, ఇత్తడి బొమ్మ వేలాడుతుంటాయి. ఏళ్ల తరబడి ఆ బరువు మోస్తే ఏ పాత స్విచ్చయినా అరుగుతుంది. కారు తాళాన్ని వేరు చేసి వారం రోజులు నడిపి చూడటం అన్నిటికన్నా చౌక పరీక్ష.

దారిలో ఆగితే...

ఇంజిన్‌ చచ్చిన కారు దొర్లుతూనే ఉంటుంది. బ్రేకుకు సాయపడే వ్యాక్యూమ్‌ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది. తర్వాత పెడల్‌ రాయిలా మారుతుంది. కంగారులో పదేపదే తొక్కితే ఉన్న బలమూ పోతుంది.

* తాళాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి తీయొద్దు. స్టీరింగు లాక్‌ పడుతుంది.

* నాలుగు ఇండికేటర్లూ వేసి, తటస్థంలోకి తెచ్చి, ఉన్న వేగంతోనే ఎడమ అంచుకు చేర్చాలి. స్టీరింగు బరువెక్కుతుంది, రెండు చేతులా గట్టిగా తిప్పాలి.

* బ్రేకు ఒక్కసారే, నిలకడగా తొక్కి ఆపాలి.

* అందరూ ఎడమ తలుపుల్లోంచి దిగి రెయిలింగు అవతలకు పోవాలి. బండి వెనక నిలబడి తోయడం, అక్కడే బానెట్‌ లేపి వెతకడం లారీలు పోయే దారిలో ప్రాణాంతకం.

* ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్లు వెనక పెట్టాలి. మలుపైతే ఇంకా వెనక.

* జాతీయ రహదారి సాయానికి 1033, అత్యవసరానికి 112కు ఫోన్‌ చేయాలి.

బండి భద్రంగా పక్కకు చేరాక, మనుషులు రెయిలింగు అవతల నిలబడ్డాక అప్పుడు రాయాలి: టైము, చోటు, ఎండా వానా, ట్యాంకులో పెట్రోలు ఎంత, ఏసీ ఆన్‌లో ఉందా, టక్‌మని ఆగిందా, ఎక్కిళ్లు పెట్టిందా, ఎన్ని నిమిషాలకు కదిలింది. ఇలాంటివి మూడు చీటీలు జమైతే మెకానిక్కు చేతిలో పెట్టండి. ‘బాగానే ఉందే సార్‌’ అనే మాట ఆయన నోట రాదు.